ఒక్క రోజు తక్కువైంది, ఒక సంవత్సరం పోయింది: అమెరికా బేస్‌బాల్ లీగ్‌ని నడిపేది ఎవరు?

ఈ ఎపిసోడ్‌ని ఒక్క నంబర్‌తో మొదలుపెడదాం. 172. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

2015 మార్చి. క్రిస్ బ్రయంట్ అని ఒక కుర్రాడు, చికాగో కబ్స్ టీమ్ వాడు. సీజన్‌కి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లు జరుగుతాయి కదా, వాటిలో 9 హోమ్ రన్లు బాదాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిది అనుకోండి. అంతకుముందు ఏడాది కింది లీగుల్లో 43 కొట్టాడు. అంత ఫామ్‌లో ఉన్నోడికి సీజన్ మొదటి మ్యాచ్‌లో చోటు దొరకలేదు. ఫీల్డింగ్ ఇంకా బాగుపడాలి అని చెప్పి కింది లీగ్‌కి పంపేశారు. ఎనిమిది మ్యాచ్‌లు గడిచాక, ఏప్రిల్ 17న పైకి పిలిచారు.

ఎనిమిది మ్యాచ్‌లే కదా, ఏముంది అనుకుంటాం. ఇక్కడే అసలు కథ ఉంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక ఆటగాడు సీజన్‌లో 172 రోజులు పెద్ద టీమ్‌లో ఉంటేనే అతనికి ఒక సంవత్సరం సర్వీస్ పూర్తయినట్టు లెక్క. అలాంటివి ఆరు పూర్తయితేనే ఫ్రీ ఏజెంట్ అవుతాడు, అంటే ఏ టీమ్‌తోనైనా సొంతంగా బేరం మాట్లాడుకోవచ్చు. ఆ సీజన్ అయ్యేసరికి బ్రయంట్ లెక్క ఎంతకొచ్చిందో తెలుసా? 171.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని ఆఫ్ బై వన్ ఎర్రర్ అంటారు. కానీ ఇది ఎర్రర్ కాదు ఫ్రెండ్స్, ఫీచర్. ఈ ఫీచర్ ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది అర్థమైతే ఆ లీగ్ మొత్తం అర్థమైపోతుంది. పదండి.

ముందు బొమ్మ మొత్తం చూద్దాం

మొత్తం 30 టీమ్‌లు. 29 అమెరికాలో, ఒకటి కెనడాలో, అదే టొరంటో బ్లూ జేస్. వీటిని రెండు లీగులుగా విడగొట్టారు, నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్. చెరో 15. ఒక్కో లీగ్‌లో ఈస్ట్, సెంట్రల్, వెస్ట్ అని మూడు డివిజన్లు, ఒక్కో డివిజన్‌లో ఐదు టీమ్‌లు.

రెండు లీగులు ఎందుకంటే అవి నిజంగానే వేర్వేరు కంపెనీల్లా పుట్టాయి. నేషనల్ లీగ్ 1876లో మొదలైంది. అమెరికన్ లీగ్ 1901లో దానికి పోటీగా వచ్చి ఆటగాళ్లని లాక్కోవడం మొదలుపెట్టింది. 1903లో రాజీ పడ్డారు. అదే ఏడాది రెండు లీగుల చాంపియన్లు తలపడ్డారు, అదే మొదటి వరల్డ్ సిరీస్. చట్టం లెక్కలో ఈ రెండూ కలిసి ఒకటే సంస్థ అయింది మాత్రం 2000లో.

ఇక సీజన్. ఒక్కో టీమ్ 162 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం సొంత ఊళ్లో, సగం బయట. మొత్తం కలిపితే 2,430. 2025 ఐపీఎల్‌లో మొత్తం మ్యాచ్‌లు 74. మార్చి చివర్లో మొదలైతే సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే. అందుకే అక్కడ రోజుల లెక్కకి అంత విలువ.

2022 నుంచి 12 టీమ్‌లు ప్లేఆఫ్‌కి వెళ్తున్నాయి, ఒక్కో లీగ్ నుంచి ఆరు. డివిజన్ విజేతలు ముగ్గురు, వైల్డ్ కార్డ్ టీమ్‌లు మూడు. మొదటి రెండు స్థానాల వాళ్లకి మొదటి రౌండ్ ఆడే పని లేదు. మొదటి రౌండ్ మూడు మ్యాచ్‌ల సిరీస్, తర్వాతది ఐదు, ఆపైన లీగ్ ఫైనల్, వరల్డ్ సిరీస్ రెండూ ఏడేసి. సరే, ఇదంతా మీరు గూగుల్ చేసినా దొరుకుతుంది. ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

బాస్ ఎవరు?

ఐపీఎల్‌కి పైన బీసీసీఐ ఉంది. టీమ్ ఓనర్లు దాని రూల్స్ ప్రకారం నడవాల్సిందే. మేజర్ లీగ్ బేస్‌బాల్‌కి పైన అలాంటి బోర్డు ఏదీ లేదు. ఆ 30 మంది ఓనర్లే బోర్డు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎలా ఉంటుందో అలా ఊహించుకోండి. 30 ఫ్లాట్లు, 30 ఓట్లు. పెద్ద నిర్ణయాలకి నాలుగింట మూడు వంతులు కావాలి, అంటే 23 ఓట్లు.

మరి కమిషనర్ అని ఒకాయన ఉంటాడు కదా? ఉంటాడు. 2015 నుంచి రాబ్ మాన్‌ఫ్రెడ్. ఆయన్ని ఎన్నుకునేది ఓనర్లే, జీతం ఇచ్చేదీ వాళ్లే. కమిషనర్ కాకముందు ఆయన ఓనర్ల తరఫున యూనియన్‌తో బేరాలు మాట్లాడిన లాయర్. కాబట్టి ఆయన్ని అంపైర్ అనుకుంటే పొరపాటు.

ఈ పదవి ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 1919 వరల్డ్ సిరీస్‌లో చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు డబ్బు తీసుకుని మ్యాచ్‌లు ఓడిపోయారన్న కుంభకోణం బయటపడింది. జనానికి ఆట మీదే నమ్మకం పోయే పరిస్థితి. అప్పుడు 1920లో ఓనర్లు కెనెసా మౌంటెన్ లాండిస్ అనే ఫెడరల్ జడ్జిని మొదటి కమిషనర్‌గా పెట్టారు. 1921లో కోర్టు విచారణకి వచ్చిన ఆటగాళ్లని నిర్దోషులని వదిలేసింది. అయినా ఆయన వాళ్లని జీవితాంతం నిషేధించాడు. కోర్టు వద్దన్నా ఈయన ఊరుకోలేదన్నమాట. కమిషనర్ పదవికి ఆ బలం అప్పుడొచ్చింది.

ఆటగాళ్ల టైమ్ ఎవరిది?

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగంలో రెండేళ్ల బాండ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే. కంపెనీ పేరు వద్దులెండి. ఏడాది తిరక్కముందే దాదాపు రెట్టింపు జీతంతో ఇంకో ఆఫర్ వచ్చింది. వెళ్లలేకపోయాను. అమ్మ అడిగింది, ‘నీ సర్టిఫికెట్లు నీ దగ్గర లేకపోవడం ఏంట్రా?’ అని. నా దగ్గర జవాబు లేదు. బేస్‌బాల్ గురించి చదువుతుంటే నాకు మళ్లీ మళ్లీ ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఎందుకంటే ఒకప్పుడు అక్కడ బాండ్ రెండేళ్లు కాదు, జీవితాంతం. రిజర్వ్ క్లాజ్ అనేవారు. కాంట్రాక్ట్ అయిపోయినా ఆ ఆటగాడి మీద హక్కు టీమ్‌దే. టీమ్ అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. ఆటగాడు మాత్రం తనంతట తాను కదలకూడదు.

ఇది చట్టానికి విరుద్ధం కాదా అంటే, అక్కడే పెద్ద తమాషా ఉంది. కంపెనీలు కుమ్మక్కై పోటీని చంపెయ్యకూడదని అమెరికాలో 1890 నుంచే చట్టం ఉంది. కానీ 1922లో సుప్రీం కోర్టు బేస్‌బాల్ ఆ చట్టం కిందికి వచ్చే అంతర్రాష్ట్ర వ్యాపారం కాదంది. టీమ్‌లు రైళ్లెక్కి రాష్ట్రాలు దాటి ఆడుతున్నాయి, టికెట్లు అమ్ముతున్నాయి, అయినా వ్యాపారం కాదట! ఫుట్‌బాల్‌కి, బాస్కెట్‌బాల్‌కి లేని ఈ మినహాయింపు బేస్‌బాల్‌కి ఈ రోజుకీ చాలావరకు ఉంది.

1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో పన్నెండేళ్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ని ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేశారు. అతను వెళ్లనన్నాడు. నేను కొనుక్కుని అమ్ముకునే వస్తువుని కాను అన్న అర్థంలో కమిషనర్‌కి ఉత్తరం రాశాడు, కేసు వేశాడు. 1970 సీజన్ మొత్తం ఆడలేదు. 1972లో సుప్రీం కోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అప్పటికే అతని కెరీర్ ముగిసిపోయింది.

కానీ తలుపు కొంచెం కదిలింది. ఆటగాళ్ల యూనియన్‌కి 1966 నుంచి మార్విన్ మిల్లర్ అనే నాయకుడు ఉన్నాడు. కోర్టు దారి మూసుకుపోతే ఆయన మధ్యవర్తి దారి పట్టాడు. 1975లో యాండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్లు కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకుండా ఉన్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తేల్చేశాడు: ఒక్క ఏడాది దాటాక వీళ్ల మీద టీమ్‌కి హక్కు లేదని. అంతే, జీవితాంతం బాండ్ కూలిపోయింది.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అందరూ ఏడాదికే ఫ్రీ అయ్యే అవకాశం వచ్చింది కదా, యూనియన్ దాన్నే పట్టుకోవాలి కదా? మిల్లర్ ఇంకోలా ఆలోచించాడు. ప్రతి ఏడాదీ ఆటగాళ్లంతా ఒకేసారి మార్కెట్‌లోకి వస్తే రేటు పడిపోతుంది. మామిడికాయలు సీజన్‌లో కుప్పలుగా వస్తే ఏమవుతుందో మనకి తెలుసు. కొద్దిమందే వస్తే రేటు పెరుగుతుంది. అలా 1976లో ఓనర్లు, యూనియన్ కూర్చుని ఆరేళ్లు అని ఒప్పందం చేసుకున్నారు. చూశారా, ఆ ఆరేళ్ల రూల్ పైనుంచి ఎవరో ఇచ్చింది కాదు. రెండు పక్షాలూ సంతకం పెట్టింది.

ఒక కుర్రాడి ప్రయాణం

ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒక ఆటగాడితో కలిసి నడుద్దాం.

మొదటి గేటు డ్రాఫ్ట్. ఐపీఎల్ వేలంలో ఎక్కువ పాడినవాడికి ఆటగాడు దొరుకుతాడు. డ్రాఫ్ట్‌లో వేలం ఉండదు. టీమ్‌లు వరసగా పేర్లు చెప్పుకుంటూ వెళ్తాయి, 20 రౌండ్లు. నీ పేరు ఎవరు చెప్తే వాళ్లతోనే మాట్లాడాలి.

దీనికి ఉదాహరణ కుమార్ రాకర్. పేరు చూసి ఆగారు కదా? అతని తల్లి వైపు మూలాలు ఇండియావి. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున పెద్ద పేరు తెచ్చుకున్న పిచ్చర్. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో నంబర్‌లో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకి మాట కుదిరింది. తర్వాత మెడికల్ రిపోర్టులు చూసి టీమ్ వెనక్కి తగ్గింది. ఆ ఏడాది ఇంకో మేజర్ లీగ్ టీమ్‌తో సంతకం చేసే దారి అతనికి లేదు. మెట్స్‌కి మాత్రం తర్వాతి డ్రాఫ్ట్‌లో దానికి బదులు ఒక పిక్ వచ్చింది. కుమార్ ఒక చిన్న ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడి, 2022లో మళ్లీ డ్రాఫ్ట్‌కి వచ్చాడు. ఈసారి టెక్సాస్ రేంజర్స్ మూడో నంబర్‌లోనే తీసుకుంది, 52 లక్షల డాలర్లకి. తర్వాత మోచేతికి పెద్ద ఆపరేషన్ అయింది. చివరికి 2024 సెప్టెంబర్‌లో పెద్ద లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు.

రెండో గేటు మైనర్ లీగులు. ప్రతి పెద్ద టీమ్ కింద నాలుగు టీమ్‌లు ఉంటాయి: సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. మొత్తం 120. 2021కి ముందు ఇవి 160 దాకా ఉండేవి. లీగ్ వాటిని కుదించేసింది, చాలా చిన్న ఊళ్లకి టీమ్ పోయింది.

ఇక్కడ జీతాలు వింటే ఆశ్చర్యపోతారు. మొన్నమొన్నటిదాకా ట్రిపుల్ ఏలో కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు, సింగిల్ ఏలో 11,000. అమెరికాలో ఆ డబ్బుతో బతకడం ఎంత కష్టమో అక్కడున్న మీ అన్నయ్యనో అక్కనో అడగండి. 2022లో వీళ్లు కూడా యూనియన్‌లో చేరారు. 2023లో మొదటి ఒప్పందం కుదిరింది. ట్రిపుల్ ఏ 35,800కి, సింగిల్ ఏ 26,200కి పెరిగాయి. పెద్ద లీగ్‌లో 2026 కనీస జీతం 7.8 లక్షల డాలర్లు. ఒక్క మెట్టు తేడాకి ఇరవై రెట్ల పైమాటే. పైకి పిలుపు కోసం కుర్రాళ్లు ఎందుకలా ఎదురుచూస్తారో ఇప్పుడు అర్థమైంది కదా.

మూడో గేటు, ఆ ఆరేళ్లు. మొదటి మూడేళ్లు దాదాపు టీమ్ ఎంతిస్తే అంత. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్. టీమ్ ఒక అంకె చెప్తుంది, ఆటగాడు ఒకటి చెప్తాడు. మధ్యవర్తులు ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి, మధ్యలో అంకె చెప్పకూడదు. ఆ హియరింగ్‌లో టీమ్ తన సొంత ఆటగాడి ఎదురుగానే, ఇతనికి అంత ఎందుకు ఇవ్వకూడదో వాదిస్తుంది. మన అప్రైజల్ మీటింగ్‌కి లాయర్లని పిలిచినట్టు! 2023లో మిల్వాకీ పిచ్చర్ కార్బిన్ బర్న్స్ ఇలాగే ఓడిపోయాడు. తేడా 7.4 లక్షల డాలర్లే. కానీ టీమ్‌తో బంధం దెబ్బతిందని బాహాటంగానే చెప్పాడు. ఏడాది తిరిగేసరికి టీమ్ అతన్ని ట్రేడ్ చేసేసింది.

మళ్లీ బ్రయంట్ దగ్గరికి

ఇప్పుడు ఆ 171 లెక్క వేసుకోండి. 172 అయ్యుంటే 2020 సీజన్ అయ్యాక బ్రయంట్ ఫ్రీ. ఒక్క రోజు తగ్గింది కాబట్టి 2021 దాకా ఆగాలి. ఈలోగా అతను 2015లో రూకీ ఆఫ్ ద ఇయర్, 2016లో లీగ్ ఎంవీపీ. అదే ఏడాది కబ్స్ 1908 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది.

కావాలనే ఆపారని అతను ఫిర్యాదు చేశాడు. ఫీల్డింగ్ కోసమే ఆపాం, మా థర్డ్ బేస్ ఆటగాడికి దెబ్బ తగిలితే పిలిచాం అని టీమ్ వాదించింది. 2020లో మధ్యవర్తి టీమ్ వైపే తీర్పిచ్చాడు. 2021 మధ్యలో కబ్స్ అతన్ని ట్రేడ్ చేసింది. 2022లో కొలరాడో రాకీస్‌తో ఏడేళ్లకి 18.2 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కుదిరింది. అయ్యో పాపం అనేంత కష్టమేం కాదు, నిజమే. కానీ ఒంట్లో బలమున్న సంవత్సరాలే ఆటగాడి ఆస్తి. అందులో ఒకటి ఒక్క రోజు తేడాతో చేతులు మారింది.

ఈ కేసు ఊరికే పోలేదు. 2022 ఒప్పందంలో యూనియన్ కొత్త రూల్ రాయించింది: రూకీ అవార్డు ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లో వచ్చిన కుర్రాడికి, రోజులు తక్కువైనా, పూర్తి ఏడాది సర్వీస్ ఇవ్వాలి. మంచి కుర్రాడిని మొదటి నుంచే ఆడించే టీమ్‌కి అదనపు డ్రాఫ్ట్ పిక్ వచ్చే అవకాశం కూడా పెట్టారు. 2024లో పిట్స్‌బర్గ్ పిచ్చర్ పాల్ స్కీన్స్‌ని మే 11న పిలిచారు. రోజులు చాలవు. కానీ అవార్డు గెలిచాడు, పూర్తి ఏడాది కలిసొచ్చింది. బగ్ రిపోర్ట్ చేసింది బ్రయంట్, ఫిక్స్ అందింది స్కీన్స్‌కి.

డబ్బు, ఊరు

ఈ లీగ్‌లో జీతాలకి గట్టి పైహద్దు లేదు. అమెరికా ఫుట్‌బాల్‌లో ఉంది, ఇక్కడ లేదు. అందుకే ఒహ్తానీకి 70 కోట్ల డాలర్లు, హువాన్ సోటోకి 76.5 కోట్ల డాలర్లు. బదులుగా ఒక పన్ను పెట్టారు. 2026లో టీమ్ జీతాల మొత్తం 24.4 కోట్ల డాలర్లు దాటితే, దాటిన దాని మీద పన్ను కట్టాలి. 2024లో లాస్ ఏంజిలస్ డాడ్జర్స్ ఒక్కటే 10.3 కోట్ల డాలర్ల పన్ను కట్టింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా వాళ్లే గెలిచారు. ఇంకో పక్క, ప్రతి టీమ్ తన లోకల్ ఆదాయంలో 48 శాతం ఒక కుండలో వేస్తే అందరికీ సమానంగా పంచుతారు. చిన్న ఊళ్ల టీమ్‌లు బతకాలని. కానీ ఆ డబ్బు తీసుకున్న ఓనర్ టీమ్ మీద ఖర్చు పెడుతున్నాడా, జేబులో వేసుకుంటున్నాడా అన్న గొడవ ఎప్పుడూ ఉంటుంది.

ఇక అభిమానుల మాట. వాళ్లకి ఓటు లేదు. ఓక్లాండ్ ఏస్ అనే టీమ్ 1968 నుంచి ఆ ఊళ్లో ఉండేది. ఓనర్ లాస్ వేగస్‌కి తీసుకెళ్తానన్నాడు. నెవాడా ప్రభుత్వం స్టేడియానికి 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల డబ్బు ఇస్తానంది. 2023 జూన్ 13న అభిమానులు నిరసనగా స్టేడియానికి తరలివచ్చారు, 27,759 మంది, టీమ్‌ని అమ్మెయ్ అని రాసిన టీషర్టులతో. నవంబర్‌లో ఓనర్లు ఓటేశారు. 30-0. 2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో చివరి మ్యాచ్ అయిపోయింది. వేగస్ స్టేడియం తయారయ్యేదాకా ఆ టీమ్ శాక్రమెంటోలో ఒక మైనర్ లీగ్ గ్రౌండ్‌లో ఆడుతోంది.

ఓక్లాండ్‌లోని ఆ స్టేడియంలో 2025 జూన్‌లో ఏం జరిగిందో తెలుసా? క్రికెట్! అమెరికా మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ అక్కడే మొదలైంది. బే ఏరియాలో మన తెలుగువాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మనకి సంతోషమే. కానీ అదే సీట్లలో యాభై ఏళ్లుగా తాతా మనవళ్లు కలిసి చూసిన ఆట పోయిందన్నది కూడా గుర్తుండాలి.

ముగించే ముందు

ఈ లీగ్ రూల్ బుక్ మొత్తం రెండు పక్షాల మధ్య ఐదేళ్లకోసారి కుదిరే ఒక ఒప్పందం మీద నిలబడి ఉంది. ఒప్పందం తెగితే ఆట ఆగుతుంది. 1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మెకి దిగితే ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయింది. 1995లో ఒక ఫెడరల్ జడ్జి ఉత్తర్వుతో గానీ ఆ గొడవ తెగలేదు. ఆ జడ్జి సోనియా సొటొమేయర్, ఇప్పుడు సుప్రీం కోర్టులో ఉన్నారు. 2021 డిసెంబర్‌లో ఓనర్లు 99 రోజులు తాళం వేశారు. ఆ తాళం తీసినప్పుడు కుదిరిన ఒప్పందం 2026 డిసెంబర్ 1తో అయిపోతుంది. జీతాలకి పైహద్దు పెట్టే మాట వస్తే యూనియన్ ఎప్పటిలాగే ససేమిరా అంటుంది. 172 అన్న నంబర్ కూడా మళ్లీ టేబుల్ మీదికే వస్తుంది.

నా సర్టిఫికెట్లు రెండేళ్లయ్యాక నా చేతికొచ్చాయి. నాకు యూనియన్ లేదు, నేను చదవకుండానే సంతకం పెట్టాను. మీలో చాలామంది ఇప్పుడు ఫస్ట్ జాబ్ ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని ఉంటారు. జీతం అంకె ఒక్కటే చూడకండి. ఎన్ని రోజులు, ఏ రోజు నుంచి లెక్క, మధ్యలో వెళ్తే ఏంటి, ఆ లైన్లు చదవండి. అర్థం కాకపోతే అడగండి.

మీకు ఇలా ఒక్క రోజు, ఒక్క మార్కు, ఒక్క లైన్ తేడాతో ఏదైనా చేజారిందా? కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. మళ్లీ కలుద్దాం, ఉంటాను ఫ్రెండ్స్.